మీటింగు వేళ ఎవరు పెట్టాలి?

(వార్షిక మహాసభలో సమాఖ్య పాలకవర్గం తరఫున చదివిన ప్రసంగం)



జమాఖర్చులు, అప్పులు, వసూళ్లు ఈ నివేదికలో ముందు పేజీల్లోనే ఉన్నాయి. ఇందాక చదివి వినిపించారు కూడా. మేము మళ్లీ వాటి జోలికి పోవడం లేదు. పాలకవర్గంగా పోయినేడు మేము చేసిన ఒక తప్పు ఉంది. దాన్ని మీ ముందు పెట్టి, ఈ ఏడు అదే తప్పు ఇంకో రకంగా చేయకుండా ఉండటానికి మీ సాయం అడగాలని నిలబడ్డాం.

గ్రామ సంఘం మీటింగులు ఎప్పటినుంచో దీపాలు పెట్టినాక జరిగేవి. పోయినేడు మేము వాటిని పగలు పదకొండు గంటలకు మార్చినాం. మాకు కారణాలు లేకపోలేదు. డబ్బు అదే రోజు బ్యాంకులో పడాలి. లెక్కలు అదే రోజు ఫోన్లో ఎక్కాలి. యానిమేటర్లు చీకటి పడకముందే ఇల్లు చేరాలి. తీర్మానం రాసి, సంతకాలు పెట్టి, ముద్ర వేసి ఊర్లకు పంపినాం. రానివాళ్లకు జరిమానా అన్నాం. వరసగా మూడు మీటింగులు తప్పితే అప్పు దరఖాస్తు పక్కన పెడతామన్నాం. ఆ రోజు మాకు చాలా క్రమశిక్షణ గల పని చేసినట్టే అనిపించింది.

కొన్ని నెలలకు హాజరు పడిపోయింది. సంఘాల గ్రేడు తగ్గింది. మేము ఏమనుకున్నామంటే, సభ్యులకు శ్రద్ధ తగ్గిపోయింది, అప్పు చేతికొచ్చేదాకే మీటింగు గుర్తుంటాది అని. ఆ మాట మా మినిట్సు పుస్తకంలో ఇప్పటికీ ఉంది. కొట్టేయలేదు, ఉండనీ.

ఒకరోజు ఒకక్క పాసుపుస్తకం చేతపట్టుకుని ఆఫీసుకొచ్చింది. "నాకు సంఘం వద్దు, నా పొదుపు నాకియ్యండి" అంది. ఏంటికక్కా అంటే నవ్వింది. "చీనీ కోతకు ఏడుగంటలకే ఆటో ఎక్కాల. పదకొండుకు మీటింగుకొస్తే ఆ పొద్దు కూలి పోతాది. రాకుంటే జరిమానా పడతాది. రెంట్లో ఏది కట్టమంటారో మీరే చెప్పండి" అంది. మా దగ్గర జవాబు లేదు. పక్కనే కూర్చున్న యానిమేటరును అడిగితే, "నాకు మొదట్నుంచీ తెలుసు మేడం" అంది. మరి చెప్పలేదేంటికి? "మీరు అడగలేదు. తీర్మానం వచ్చినాక చెప్తే ఎదురు మాట్లాడినట్టవుతాది."

ఆ రోజంతా మాకు ఆ మాటే తిరిగింది. సభ్యురాలికి తెలుసు. ఊరూరా తిరిగి పుస్తకాలు రాసే యానిమేటరుకు తెలుసు. తెలియనిది నిర్ణయం తీసుకున్న మాకొక్కరికే. రాలేకపోయిన వాళ్లెవరని పేర్లు పట్టి చూస్తే, దాదాపు అందరూ కూలికిపోయేవాళ్లే. ఎవరి కోసం సంఘాలు పెట్టుకున్నామో వాళ్లనే మా రూలు బయటికి నెట్టింది.

మన సంఘాలు ఇట్ల పుట్టినవి కాదు కదా. నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంటూ, సారా మీద రాసిన పాఠం చదివి, "ఇది మన కథే" అని ఆడవాళ్లు లేచినారు. వాళ్లకు ఎవరూ సర్క్యులర్ పంపలేదు. 1993లో సారా నిషేధం వచ్చింది. ఆ జిల్లాలో ఆ ఊపు మీదే పొదుపు ఉద్యమం పెరిగింది. ఆ తర్వాత సంఘంలో పైకొచ్చిన మన రాష్ట్రపు ఆడవాళ్లే, బాగా చదివిన అధికారులు కాదు, బీహారు దాకా పోయి అక్కడి ఊర్లలో నెలల తరబడి ఉండి సంఘాలు పెట్టించినారు. భాష సరిగా రాకపోయినా, అప్పుల బాధ తెలిసిన మనిషి చెప్తే అవతలి మనిషికి అర్థమైంది.

ఇంకొకటి ఉపాధి హామీ. పథకాన్ని 2006 ఫిబ్రవరి 2న మన పక్కనే అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలుపెట్టినారు. జరిగిన పనులను గ్రామసభే తనిఖీ చేయాలని ఆ చట్టం 17వ సెక్షన్లో రాసినారు. చట్టంలో రాసినవి చాలా రాసినచోటే ఉంటాయి, మీకు తెలియంది కాదు. దీన్ని మాత్రం మన రాష్ట్రంలో చేసి చూపించినారు. కూలీల ఇండ్లలో నాలుగు అక్షరాలు వచ్చిన పిల్లలకు తర్ఫీదు ఇచ్చి, మస్టరు నకళ్లు చేతికిచ్చి ఇల్లిల్లూ తిప్పినారు. "అమ్మా, నువ్వు ఫలానా వారం ఆరు రోజులు పని చేసినట్టు ఇందులో ఉంది, నిజమేనా?" అని అడిగితే, "నేను ఆ వారం కాన్పుకు పుట్టింట్లో ఉండాను నాయనా" అని చెప్పే అవకాశం కూలామెకు దొరికింది. కాగితం ఒకటి చెప్తే మనిషి ఒకటి చెప్తాది. రెండూ మండలంలో ప్రజావేదిక మీద అందరి ముందు ఎదురెదురుగా పెడతారు. 2009లో ఈ సామాజిక తనిఖీ కోసం ప్రత్యేకంగా ఒక సంస్థనే ఏర్పాటు చేసినారు. పని చేసినామెకే ఆ పని లెక్క బాగా తెలుసని ఒప్పుకోకుంటే ఇదంతా జరిగేది కాదు.

ఇక మన ఇంటిపక్క సంగతి. ఇడుపులపాయలో ట్రిపుల్ ఐటీ ఉంది కాబట్టి చదువంటే ఆ గేటు లోపల ఉండేదే అనుకుంటాం. పులివెందులలో ప్రకృతి వ్యవసాయం మీద జర్మనీ సాయంతో ఒక అకాడమీ వచ్చింది. దాని పేరు పెద్దది, పని మాత్రం మనకు దగ్గరిది. రైతులే తమ పొలంలో ప్రయోగం చేసి, చూసింది రాసి, తోటి రైతుకు చెప్పాలి. వాళ్లను రైతు శాస్త్రవేత్తలు అంటున్నారు. 2016 నుంచి రాష్ట్రంలో ఈ సేద్యం మన మహిళా సంఘాల మీదనే నడుస్తా ఉంది. మనలో ఘనజీవామృతం తయారుచేసేవాళ్లు, వానలకు ముందే నవధాన్యాలు చల్లేవాళ్లు చాలామంది ఉన్నారు. 2024లో ఈ పనికి పోర్చుగల్ దేశంలో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. దాన్ని అందుకోవడానికి పోయినవాళ్లలో మన రాష్ట్రపు మహిళా రైతు ఒకరున్నారు. పొలంలో మన మాటకు అంత విలువ వచ్చినప్పుడు, మన సొంత సమాఖ్యలో ఏంటికి రాకూడదు?

పాసుపుస్తకం అక్క వచ్చిపోయినాక మేము ఊర్లకు పోయినాం. రాత్రి పూట, అరుగుల మీద. పాలకవర్గం వాళ్లం వెనక కూర్చున్నాం. మాట్లాడొద్దని ముందే అనుకున్నాం, అది మాకు చానా కష్టమైంది. సభ్యులు చెప్పినవి వాళ్ల మాటల్లోనే ఒక నోటుబుక్కులో రాయించినాం. ఇప్పుడు మీటింగు వేళ ఏ గ్రామ సంఘానికి ఆ సంఘమే పెట్టుకుంటాది. చీనీ కోతలప్పుడు, చెనిక్కాయ పనులప్పుడు రాత్రి, పనుల్లేని నెలల్లో పగలు. కూలికి పోయి రాలేకపోతే జరిమానా లేదు. ఫోన్లో లెక్క మర్నాడు ఎక్కితే కొంపలేం మునగవని కూడా అప్పుడే తెలిసింది.

అంతా చక్కబడిందని మేము చెప్పం. రాత్రి మీటింగులు మొదలయ్యేసరికి యానిమేటర్లకు ఇబ్బంది తిరిగొచ్చింది. ఆటోలుండవు, దారిలో వీధిలైట్లుండవు. "సభ్యుల కష్టం విన్నారు, మా ఆటో చార్జీ ఎవరిస్తారు?" అని ఇద్దరు అడిగినారు. అది న్యాయమైన మాట. ఇంతవరకు మేము తేల్చలేదు. ఆ పాసుపుస్తకం అక్క పొదుపు వెనక్కి తీసుకోలేదు, కానీ అలక పూర్తిగా తీరలేదు. ఈరోజు వచ్చింది, వెనక వరసలో ఉంది.

ఇప్పుడు ఇంకో మార్పు మన ముందుంది. కాగితం పుస్తకాలు తీసేసి అన్నీ ఫోన్లోనే అనే మాట వస్తా ఉంది. మేము దానికి వ్యతిరేకం కాదు. లెక్కల్లో తప్పులు తగ్గుతాయి, బ్యాంకు పని తొందరగా అవుతాది. కానీ పోయిన నెల ఒక సంఘంలో ఒక పెద్దమ్మ చెప్పిన మాట మీకు చెప్పాలి. ఆమెకు అక్షరం రాదు. అయినా ఇన్నేండ్లుగా తన పొదుపు లెక్కలో తేడా వస్తే పట్టేస్తాది. ఎట్లంటే, "నా వరస పైనుంచి ఐదోది. ఆ వరసలో గడులు ఎన్ని నిండినాయో వేలు పెట్టి చూసుకుంటా" అంది. ఫోన్లో ఆ ఐదో వరస యాడుంటాది? ఈ ప్రశ్న మాకెవరికీ తట్టలేదు. సాఫ్ట్‌వేరు చేసినవాళ్లకు కూడా తట్టి ఉండదు. కొండ వారగా ఉండే ఊర్లలో సిగ్నలు రాదని యానిమేటర్లు చెప్తున్నది వేరే.

అందుకే ఈ తీర్మానం ఈరోజు పాలకవర్గంలో పెట్టడం లేదు. ముందు రెండు సంఘాల్లో ఫోనూ, కాగితమూ రెండూ కొన్నాళ్లు నడిపి చూద్దాం. చదువురాని సభ్యులు, యానిమేటర్లు ఏమంటారో రాసుకుందాం. రాసినదాన్ని గ్రామ సంఘాల్లో చదివి వినిపించినాకే పుస్తకాల సంగతి తేలుస్తాం. ఆ రెండు సంఘాలు ఏవో కూడా మేము చెప్పం, మీరే చెప్పాల.

అన్నాలైనాక వేపచెట్ల కింద మూడు చోట్ల కూర్చుందాం. కూలికి పోయే అక్కలు ఒకచోట, యానిమేటర్లు ఒకచోట, మిగిలినవాళ్లు ఒకచోట. యానిమేటర్ల దగ్గర పాలకవర్గం వాళ్లం ఎవరం ఉండం, వాళ్లు ధారాళంగా మాట్లాడుకోవాలి. ఆటో చార్జీ సంగతి కూడా అక్కడే తేల్చి మాకు చెప్పండి. నోటుబుక్కులు, పెన్నులు బల్ల మీద ఉన్నాయి. తిరిగి పోయే ఆటోలు నాలుగింటికి వస్తాయి. కాబట్టి దూరం ఊర్లవాళ్లు ముందు మాట్లాడండి.