కోస్గి అని కొడితే ఏమొస్తుంది?

కోస్గి లాంటి ఊళ్లో దుకాణం నడిపే వాళ్లకు ఇంటర్నెట్‌లో పేరు ఎట్లా వస్తుంది, వచ్చిన పేరు ఎట్లా నిలబడుతుంది, ఈ పూట అదే ముచ్చట.

వినుకుంటూనే ఫోన్ తీసి గూగుల్‌లో కోస్గి అని కొట్టండి. ముందు కనబడేవి చాలావరకు రాజకీయ వార్తలే. 2023 డిసెంబరులో కొడంగల్ ఎమ్మెల్యే ముఖ్యమంత్రి అయ్యారు, కోస్గి ఆ నియోజకవర్గంలోదే. 2024 ఫిబ్రవరిలో నారాయణపేట–కొడంగల్ ఎత్తిపోతల పథకానికి శంకుస్థాపన జరిగింది కూడా ఇక్కడే. అప్పటి నుంచి టీవీల్లో, పేపర్లలో ఊరి పేరు నలుగుతూనే ఉంది. ఊరికి పేరొచ్చింది సరే, ఊళ్లో ఉన్న చీరల దుకాణానికో విత్తనాల దుకాణానికో అందులో వాటా ఏమీ దక్కలేదు. పైగా జర కిందికి జరిపితే ఇంకో ఊరు తగులుతుంది. కర్నూలు జిల్లాలో కోసిగి అని ఒక మండల కేంద్రం ఉంది, ఆదోనికీ మంత్రాలయం రోడ్డుకూ నడుమ రైల్వే స్టేషన్. ఇంగ్లీషులో రాస్తే మనకూ వాళ్లకూ ఒక్క అక్షరం తేడా. మన కోస్గికి రైలే లేదు. మహబూబ్‌నగర్ నుంచి తాండూరు పోయే దారిలో బస్సు దిగాల్సిందే. ఆ సంగతి మనకు తెలుసు గానీ యంత్రానికి ఎవరు చెప్పాలి?

మన చిక్కు అక్కడితో ఆగదు. పదిహేనేళ్ల కింద పెట్టిన దుకాణం ఒకటి అనుకోండి. అప్పటి బిల్లు పుస్తకం మీద మహబూబ్‌నగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014లో రాష్ట్రం మారింది. 2016లో కొత్త జిల్లాలు వచ్చినప్పుడు పక్కనున్న కొడంగల్ వికారాబాద్‌లోకి పోయింది, కోస్గి మహబూబ్‌నగర్‌లోనే మిగిలింది. 2019 ఫిబ్రవరిలో నారాయణపేట జిల్లా ఏర్పడితే అందులోకి వచ్చింది. ఈ నడుమ 2018లో గ్రామ పంచాయతీ పోయి మున్సిపాలిటీ అయింది. దుకాణం మాత్రం ఉన్న చోటే ఉంది, ఒక్క అంగుళం జరగలేదు. ఇంటర్నెట్‌లో దానికిప్పుడు మూడు నాలుగు చిరునామాలు. పాత బిజినెస్ డైరెక్టరీల్లో ఒకటి, జీఎస్టీ కాగితాల్లో ఒకటి, ఫేస్‌బుక్ పేజీలో ఇంకొకటి, వాట్సాప్ బిజినెస్‌లో అసలేమీ లేదు. ఆంధ్రప్రదేశ్ అని పాత చిరునామా పట్టుకుని వెతికితే కోసిగికి పోయే ప్రమాదం ఎంతుందో మీరే ఆలోచించండి.

కాబట్టి మొదటి పని పైసా ఖర్చు లేనిది. దుకాణం పేరు, వీధి, మండలం, జిల్లా, పిన్ కోడ్, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసుకోండి. బోర్డు మీద ఏ పేరుందో అదే పేరు. ఒకచోట శ్రీ అని పెట్టి ఇంకోచోట తీసేయడం, ఒకచోట క్లాత్ స్టోర్స్, ఇంకోచోట సారీ సెంటర్ అనడం మానేయాలి. ఆ కాగితంలో ఉన్నది ఉన్నట్టు అన్ని చోట్లా ఎక్కించండి, పాతవి దిద్దించండి. విసుగు పుట్టించే పనే. పట్నం నుంచి ఫోన్ చేసే ఏజెంట్లు వేలకు వేలు తీసుకుని మొట్టమొదట చేసేది కూడా చాలాసార్లు ఇదే.

గూగుల్ మ్యాప్‌లో దుకాణాలను ఏ లెక్కన వరసలో పెడతారో ఆ కంపెనీ వాళ్లే రాసి పెట్టారు. వెతికినదానికీ మీ సరుకుకూ పొంతన ఉందా, వెతికే మనిషికి మీరెంత దూరం, నలుగురిలో మీకు ఎంత పేరుంది, ఈ మూడే. ఈ వరసలో పైకి రావడానికి డబ్బు కట్టే దారి లేదని కూడా వాళ్లే చెప్పారు. ప్రకటనల సంగతి వేరు, వాటికి డబ్బు కట్టవచ్చు, అవి ప్రకటనలని తెలిసేలా రాసి ఉంటుంది. దూరం మన చేతిలో లేదు. మిగిలిన రెండూ ఉన్నాయి.

గూగుల్ బిజినెస్ ప్రొఫైల్ అని ఉంటుంది, ఉచితం. అందులో వర్గం ఎంచుకునే చోట చాలామంది ‘దుకాణం’ అని వదిలేస్తారు. చీరల దుకాణమైతే చీరల దుకాణమనే పెట్టాలి, విత్తనాలు, ఎరువులు అమ్మితే అదే పెట్టాలి. మ్యాప్‌లో మీ పిన్ ఎక్కడ పడిందో పెద్దగా చేసి చూడండి. మన ఊళ్లలో సగం పిన్‌లు బస్టాండు మీదనో, రోడ్డు నడుమనో పడి ఉంటాయి. వేలితో లాగి సరిగ్గా మీ గుమ్మం ముందు పెట్టండి. తెరిచే వేళలు రాయండి, వారంలో ఏ రోజు మూస్తారో రాయండి. పండుగకు మూసేస్తే అది కూడా ఎక్కించండి. ఊరి నుంచి బండి వేసుకుని వచ్చి మూసిన షట్టర్ చూసినాయన ఇంటికి పోయి ఏం రాస్తాడో చెప్పక్కర్లేదు. దుకాణం మీదేనని రుజువుకు గూగుల్ వాళ్లు ఇప్పుడు చాలావరకు వీడియో తీసి పంపమంటున్నారు, వీధి, బోర్డు, లోపలి సరుకు అన్నీ కనబడాలి. బోర్డు చినిగిన ఫ్లెక్సీ అయితే ముందు అది మార్చండి.

మూడోది, నలుగురిలో పేరు. దీనికి మన దక్షిణ తెలంగాణలోనే మంచి ఉదాహరణ పోచంపల్లి. 1951లో వినోబా భావే భూదాన ఉద్యమం అక్కడ మొదలైంది. 2005లో పోచంపల్లి ఇక్కత్‌కు జీఐ, అంటే భౌగోళిక సూచిక గుర్తింపు వచ్చింది. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంచుకుంది. ప్రతిసారీ ఎవరెవరో, ఎక్కడెక్కడో ఆ ఊరి గురించి రాశారు. పోచంపల్లి చీర అని వెతికితే వచ్చే పేజీల వెనుక అంత చరిత్ర పేరుకుని ఉంది. ఏ ఏజెంటూ ఆరు నెలల్లో తెచ్చిపెట్టింది కాదది.

మన నారాయణపేట చీర కూడా తక్కువదేం కాదు. దానికీ జీఐ ఉంది. గళ్ల చీర, గుడి అంచు, చూడగానే గుర్తుపట్టే కొంగు. కానీ వెతుకులాటలో దీని కథ వేరే దారి పట్టింది. ఈ చీరను ఎంతో ఇష్టంగా కట్టుకునే వాళ్లలో మహారాష్ట్ర ఆడవాళ్లు ముందుంటారు. వాళ్లు దీన్ని నారాయణపేఠ్ అంటారు. పుణె నగరంలో అదే పేరుతో పాత పేట ఒకటి ఉంది. ముంబైలో కూర్చుని ఫోన్‌లో వెతికే కోడలు పిల్ల ఇది పుణె చీర అనుకున్నా తప్పు పట్టలేం. ఆమెకు తెలంగాణ, నారాయణపేట జిల్లా, చేనేత అన్న మూడు మాటలు కలిపి చెప్పే పేజీ ఎదురు కావాలి. ఆ పేజీ రాయాల్సింది మనమే. ఇంగ్లీషులో ఊరి పేరు రెండు రకాలుగా రాయండి, మన పద్ధతిలో ఒకసారి, వాళ్ల పద్ధతిలో ఒకసారి. తెలుగులోనూ ఉండాలి, వీలైతే నాలుగు ముక్కలు మరాఠీలో కూడా. పాలమూరు నుంచి ముంబై, పుణె పోయి స్థిరపడ్డ మన వాళ్లే ఎంతమంది లేరు, అడిగితే రాసిపెట్టరా?

ఇంక ఆ పేజీలో ఏం రాయాలి? శివాజీ మహారాజు దండు ఇటు వచ్చినప్పుడు కొందరు నేతగాళ్లు ఇక్కడే ఉండిపోయారన్న కథ చెప్పుకుంటారు. ఏ వెబ్‌సైటు తెరిచినా అదే కథ, దాదాపు అవే వాక్యాలు. ఒకరిది చూసి ఇంకొకరు ఎత్తి రాసినవి. వందో కాపీని పైకి తేవడానికి గూగుల్‌కు మాత్రం ఏం అవసరం? ఒకేసారి 8 చీరలకు సరిపడా పడుగు మగ్గానికి ఎక్కిస్తారన్న మాట కూడా అన్నిచోట్లా ఉంది, ఆ మగ్గం మాత్రం ఎక్కడో గానీ కనబడదు. మగ్గం ఇంట్లో ఉన్న మీరు ఒక నిమిషం వీడియో తీసి పెడితే, అది మీ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా దొరకదు. చీర ఫోటో కింద ‘అద్భుతమైన నాణ్యత, అతి తక్కువ ధర’ అని రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. పట్టా, నూలా, రెండూ కలిసిందా, పొడవెంత, జాకెట్టు ముక్క ఉందా, ఏ ఊరి మగ్గం మీద నేసింది, మొదటిసారి విడిగా ఉతకాలా, రంగు దిగుతుందా, ఇవి రాయండి. గిరాకి దుకాణానికి వస్తే అడిగే ప్రశ్నలు ఇవే కదా. ఫోన్‌లోనూ ఇవే వెతుకుతారు. ఈ మధ్య గూగుల్ పైనే ఏఐ జవాబు వస్తున్నది, అది కూడా ఇట్లాంటి పేజీల నుంచే ఏరుకుంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త. మరమగ్గం చీరను ‘నారాయణపేట చేనేత’ అని పెట్టి అమ్మితే క్లిక్కులు వస్తాయి, కేసు కూడా రావచ్చు. జీఐ చట్టం 1999 నాటిది, 2003 నుంచి అమల్లో ఉంది. పేరును తప్పుడుగా వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా రాసి పెట్టారు. నేతన్నలు చేయాల్సిన పని ఇంకోటి ఉంది. జీఐ వచ్చింది కదా అని ఊరుకుంటే చాలదు, చెన్నైలోని జీఐ రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా తమ పేరు నమోదు చేయించుకోవాలి. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ లేబుల్ ఉంటే దాని ఫోటో కూడా చీర ఫోటో పక్కన పెట్టండి. కందిపప్పు అమ్మే వాళ్లకూ ఇదే మాట. తాండూరు కందికి 2022 డిసెంబరులో జీఐ వచ్చింది. ఎక్కడి కందినో తెచ్చి ఆ పేరు తగిలించడం మంచిది కాదు.

సరే, పేరొచ్చింది. ఇప్పుడు రివ్యూలు. ఒక విత్తనాల దుకాణం ప్రొఫైల్ కింద ఎవరో ఒక్క చుక్క ఇచ్చి, ‘విత్తనాలు మొలవలేదు, మోసం’ అని రాశారనుకోండి. మన వాళ్లు చాలామంది ఏం రాస్తారు? ‘నువ్వెవరో మాకు తెలియదు, పక్క దుకాణపాయన రాయించిండు.’ అక్కడితో చదివేవాళ్లకు అనుమానం ముదురుతుంది. అదే చోట ఇట్లా రాసి చూడండి: ‘అన్నా, ఏ తేదీన కొన్నారు, ఏ రకం? సంచి మీద లాట్ నంబరు ఉంటుంది, అదీ బిల్లూ పట్టుకుని దుకాణానికి రండి, లేకుంటే ఈ నంబరుకు ఫోన్ చేయండి. ఆ లాట్‌తో ఇంకెవరికన్నా ఇట్లనే అయిందేమో చూసి కంపెనీకి రాస్తాం.’ ఇంతే. ఆయన రావచ్చు, రాకపోవచ్చు. వచ్చే మృగశిర కార్తెకు విత్తనాలు కొనే రైతులు ఆ రెండు ముక్కలూ చదువుతారు. తిట్టు ఎంత పెద్దదైనా ఒక్క రోజు ఆగి జవాబు రాయడం నయం. రాత్రి తొమ్మిదికి గల్లా లెక్క తేలక చిరాకులో ఉన్నప్పుడు మాత్రం ఫోన్ ముట్టకండి.

మంచి రివ్యూలు కొనుక్కోవచ్చని చెప్పేవాళ్లు తిరుగుతున్నారు. వందకు ఇంత అని రేటు. బామ్మర్దులు, మేనల్లుళ్లు అందరూ కలిసి ఒకే రోజు ‘సూపర్, బెస్ట్’ అని రాసేదీ అదే జాతి. గూగుల్ నియమాల ప్రకారం డబ్బో, డిస్కౌంటో ఇచ్చి రాయించుకోవడం కూడా తప్పే, పట్టుబడితే ఆ రివ్యూలు తీసేయవచ్చు. మన దేశంలో భారతీయ ప్రమాణాల సంస్థ ఆన్‌లైన్ రివ్యూల కోసమే 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణం తెచ్చింది. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం తప్పుదారి పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేసే అధికారం కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీకి ఉంది. నిజమైన గిరాకిని నోరు తెరిచి అడగండి. బిల్లు ఇచ్చేటప్పుడు, ‘చీర కట్టుకున్నాక ఎట్లుందో రెండు ముక్కలు రాయమ్మా’ అంటే రాస్తారు. గల్లా దగ్గర క్యూఆర్ కోడ్ అంటించుకుంటే ఇంకా సులువు. వాళ్లు ‘రంగు బాగుంది, కుచ్చులు నిలబడ్డయి’ అని రాస్తే, ఆ మాటలకున్న బలం ‘సూపర్’కు లేదు.

చెడు రివ్యూలు తీయిస్తామనే వాళ్లను అసలు నమ్మకండి. బూతులు, బెదిరింపు, సంబంధం లేని సంగతి ఉంటే మీరే రిపోర్టు కొట్టవచ్చు. మనకు నచ్చలేదు కాబట్టి తీసేయమంటే గూగుల్ తీయదు. మొదటి స్థానం గ్యారంటీ అనే వాళ్లదీ అదే దారి. అట్లాంటి గ్యారంటీ ఎవరూ ఇవ్వలేరని గూగులే చెబుతుంది. అయినా ఎవరికైనా పని అప్పగించాల్సి వస్తే ఒక్కటి అడగండి, ప్రొఫైల్ ఎవరి మెయిల్ మీద తెరుస్తావు అని. ఖాతా మీ మెయిల్ మీద, మీ ఫోన్ నంబరు మీద ఉండాలి. పనిచేసే ఆయనను మేనేజరుగా చేర్చితే సరిపోతుంది. డిగ్రీ చదివే తమ్ముడి మెయిల్ మీద తెరిచి, ఆ తమ్ముడు దుబాయి పోయి, పాస్‌వర్డ్ ఎవరికీ తెలియక దుకాణం పాత నంబరుతోనే ఉండిపోయిన ఇళ్లు మన దిక్కు ఉన్నాయి.

ఈ నంబరు సంగతి ఇంకో కారణంగా కూడా ముఖ్యం. మ్యాప్‌లో ఉన్న వివరాలకు ఎవరైనా సవరణ సూచించవచ్చు. యజమాని లేని ప్రొఫైల్‌లో మోసగాళ్లు తమ నంబరు పెట్టి, కస్టమర్ కేర్ అని మాట్లాడి, అడ్వాన్సు కట్టించుకునే కేసులు దేశమంతా జరుగుతున్నాయి. వారానికోసారి వేరే వాళ్ల ఫోన్‌లో మీ దుకాణం వెతికి, అక్కడున్న నంబరుకు ఫోన్ కొట్టండి. మోగాల్సింది మీ జేబులో. మోగకపోతే వెంటనే సరిచేసి, స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. గిరాకి ఎవరైనా మీ పేరు మీద పైసలు పోగొట్టుకుంటే వాళ్లను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి. ఎంత తొందరగా చేస్తే, డబ్బు ఇంకో ఖాతాకు దాటకముందే ఆపే వీలు అంత ఎక్కువ.