మెడ మీది నలుపు మురికి కాదు

(మహిళల ఆరోగ్య సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్య హక్కు అనగానే మనం ఆసుపత్రుల గురించీ, మందుల ధరల గురించీ మాట్లాడతాం. నేనివాళ మెడ గురించి మాట్లాడతాను. ఆడపిల్ల మెడ వెనక నల్లబడితే ఇంట్లో మొదట వినబడే మాట "సరిగ్గా తోముకోవే" అని. తర్వాత సున్నిపిండి, నిమ్మచెక్క, పీచు. చర్మం కందిపోయేదాకా రుద్దుతారు. గొలుసు ఒరుసుకుందని గొలుసు తీయించేస్తారు. అయినా నలుపు పోదు. అది మురికి కాదు గనక పోదు.

మెడ చుట్టూ, చంకల్లో, గజ్జల్లో చర్మం మందమై, ముఖమల్ గుడ్డలా మారి నల్లబడటాన్ని డాక్టర్లు అకాంథోసిస్ నైగ్రికాన్స్ అంటారు. పేరు వింటే భయమేస్తుంది గానీ అది అంటుకోదు, దానంతటది హాని చేయదు. దాంతోపాటు తరచుగా చిన్న చిన్న మెత్తటి పులిపిర్లు వేలాడుతుంటాయి. అవీ అంతే. వాటికి సున్నం పెట్టి కాల్చుకోవద్దు.

అసలు సంగతి లోపల ఉంది. మనం తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారుతుంది. దాన్ని కండరాల్లోకి చేర్చేది ఇన్సులిన్. శరీరం ఇన్సులిన్ మాట సరిగా విననప్పుడు క్లోమం ఇంకా ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారుచేస్తుంది. ఆ మితిమీరిన ఇన్సులిన్ చర్మకణాలను కూడా పెరగమని తొందరపెడుతుంది. ఈ దశలో చక్కెర పరీక్ష మామూలుగానే రావచ్చు. అంటే షుగరు జబ్బు రావడానికి కొన్నేళ్ల ముందే మెడ మనకు కబురు చెబుతోందన్నమాట. నెలసరి సరిగా రాకపోవడం, గడ్డం మీద వెంట్రుకలు కూడా ఉంటే అండాశయాలకు సంబంధించిన పి.సి.ఓ.ఎస్. ఉందేమో చూపించుకోవాలి. నలుపు ఉన్న ప్రతివారికీ షుగరు వస్తుందని కాదు. పెద్దవయసులో హఠాత్తుగా నల్లబడి, బరువు కూడా తగ్గిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకూడదు. అరుదుగానైనా లోపలి క్యాన్సర్ అలా బయటపడుతుంది.

మరి ఈ కబురు మనదాకా ఎందుకు రావడం లేదు? ఆడపిల్ల చర్మాన్ని మన సమాజం పెళ్లిచూపుల కళ్లతో తప్ప చూడదు గనక. మెడ నలుపు అనగానే డాక్టరు కాదు, క్రీము గుర్తొస్తుంది. 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో పేరు మార్చుకుంది, అంతే. మందుల షాపులో అడిగితే స్టెరాయిడ్ పూతమందు చేతిలో పెడతారు. అది కొన్నాళ్లకు చర్మాన్ని పలచబరుస్తుంది, ఇన్సులిన్‌ను ఏమీ చేయదు. 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో ఆదేశించింది. అమలు ఎలా ఉందో మీ వీధి షాపులో అడిగి చూడండి.

"ఒళ్లు తగ్గించుకో" అనడం తేలిక. ఒళ్లు తగ్గితే నలుపు తగ్గే మాట నిజమే. చెన్నైలో జరిగి 2006లో వెలువడిన పరిశోధనలో తిండి, నడక మార్చుకున్నవారిలో షుగరు రావడం 28.5 శాతం తగ్గింది. కానీ అందరూ తిన్నాక పప్పూ కూరా అడుగంటి, మిగిలిన అన్నమే కడుపు నింపుకునే ఇల్లాలికి ఏ తిండి మార్చుకోమని చెబుతాం? చీకటిపడితే గడప దాటనివ్వని పిల్ల ఎక్కడ నడుస్తుంది? ఊళ్లో మైదానమంతా మగపిల్లలదే. ఇవి వాళ్ల బద్ధకం లెక్కలోకి ఎలా వస్తాయి?

2023లో వెలువడిన ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం ప్రకారం దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు ఉంది, ఇంకో 13.6 కోట్ల మంది దాని అంచున ఉన్నారు. ప్రభుత్వం ఊరూరా చేసే షుగరు పరీక్షలు 30 ఏళ్లు దాటినవారికి. మెడ నల్లబడేది చాలామందికి 13, 14 ఏళ్లకే. వయసుతో నిమిత్తం లేకుండా ఈ గుర్తు ఉన్న పిల్లలందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా పరీక్ష చేయాలని మనం అడగాలి. పరగడుపున 100 దాటితే జాగ్రత్త పడాలి, 126 దాటితే మళ్లీ పరీక్షించి నిర్ధారించుకోవాలి. ఆశా కార్యకర్తలకూ, స్కూలు టీచర్లకూ ఈ గుర్తు పట్టడం నేర్పడానికి పెద్ద ఖర్చేమీ కాదు.

జిల్లా వైద్యాధికారికి ఇవ్వబోయే వినతిపత్రం బల్ల మీద ఉంది. చదవండి, మార్పులుంటే చెప్పండి, సంతకాలు చేయండి.