తండ్రి కాగితాలు, కూతురి కథలు
(సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

ఒక రచయిత్రిని గూర్చి మాట్లాడమని సంఘ పెద్దలు ఆజ్ఞాపించారు. తెలుగు మాస్టారు గనుక తెలుగు రచయిత్రి పేరే ఎత్తుతానని అనుకొని ఉంటారు. నేను చెప్పబోయే ఆమెకు తెలుగు రాదు. అయినా మన రంగూనులో పెరిగిన పిల్ల. పేరు వెండీ లా-యోన్.

1947లో మాండలేలో పుట్టింది. తాతగారు యున్నాన్ సీమ చీనావారు. ఇంట్లో చీనా, బర్మా, ఇంగ్లీషు వంశాలు మూడూ కలిశాయి. తండ్రి ఎడ్వర్డ్ లా-యోన్ 1948లో 'ది నేషన్' అనే ఇంగ్లీషు దినపత్రిక పెట్టారు. 1959లో మెగసెసే బహుమానం పొందారు. 1962 మార్చిలో సైన్యం అధికారం తీసుకున్నది. మరుసటి ఏడు ఆయనను జైలులో పెట్టారు. అయిదేండ్లు. కూతురికి యూనివర్సిటీ తలుపు మూసేశారు. 1967లో థాయిలాండుకు తప్పించుకుపోబోయి పట్టుబడింది. తరువాత ఏ దేశమూ తనది కాని మనిషిగా బయటపడి, 1973లో అమెరికా చేరింది.

చీనా-అమెరికా రచయిత్రులనగానే అందరూ ఏమీ టాన్ పేరే చెబుతారు. ఆమె 2005 నవల మన బర్మాలోనే నడుస్తుంది, మంచిదే. కాని అది యాత్రికుల కథ. వెండీ వ్రాసింది వెళ్ళిపోయినవారి కథ.

1983లో వచ్చిన 'ది కాఫిన్ ట్రీ' చూడండి. బర్మా నుండి అన్నాచెల్లెళ్ళు అమెరికా పోతారు. అన్న మనస్సు చెదిరి చనిపోతాడు. చెల్లెలు పిచ్చాసుపత్రి పాలవుతుంది. సుఖంగా చదివే పుస్తకం కాదు. కాని ఇల్లు పోయినవారికి మాట్లాడే తోడు కూడా పోతే ఏమౌతుందో ఇంత నిజంగా చెప్పినది నేను వేరే చదవలేదు. 1964 తరువాత ఓడలెక్కిన మన బంధువులను తలచుకోండి. విశాఖలో వారు బర్మావాళ్ళు. ఇక్కడ మనం కోరంగీలు!

ఇంకొక సంగతి. తండ్రిగారు తన జీవితం వ్రాసి, ఆ కాగితాలు కూతురికి అప్పగించి, 1980లో కాలం చేశారు. ఆమె వాటిని ఏండ్ల తరబడి పక్కన పెట్టింది. చివరకు విప్పి చదివి, వాటి ఆధారంతో 2013లో 'గోల్డెన్ పారసోల్', అనగా బంగారు గొడుగు, అనే పుస్తకం తెచ్చింది. ఆలస్యమైనా ఆమె చదవగలిగింది, ఎందుకంటే ఆ అక్షరాలు ఆమెకు వచ్చు.

మన ఇళ్ళలో తాతల ట్రంకుపెట్టెల అడుగున కార్డులు, భూమి కాగితాలు, పెళ్ళి శుభలేఖలు ఉన్నాయి. అన్నీ తెలుగులో. నా సాయంకాలపు తరగతికి వచ్చే పిల్లలు బర్మా చదువుతారు, ఇంగ్లీషు చదువుతారు. ముత్తాత సంతకం చూపితే బొమ్మ అనుకుంటారు. ఒక అమ్మాయి మాత్రం మొన్న తన జేజమ్మ ఉత్తరం తెచ్చింది. అక్షరం అక్షరం కూడబలుక్కొని "పిల్ల నీళ్ళాడింది, ఆడపిల్ల" అనే వాక్యం దాకా వచ్చింది. ఆ ఆడపిల్ల వాళ్ళ అమ్మమ్మ అని తెలిసి క్లాసంతా నవ్వింది. ఆ రోజు వేరే పాఠం చెప్పలేదు.

తల్లులారా, తండ్రులారా, చెదలు పట్టినవైనా సరే, ఆ కాగితాలు పారవేయకండి. పిల్లల చేతికిచ్చి తరగతికి పంపండి. ఫీజు లేదు. పలక మేమే ఇస్తాము.