పెట్టుబడి ఎక్కడినుంచి?



"పని వచ్చు, పెట్టుబడే లేదండీ" అంటూంటారు మీలో చాలామంది. 1959లో బొంబాయి గిర్గాంలో ఏడుగురు గృహిణులకూ లేదు. 80 రూపాయలు అప్పు తెచ్చి, మేడమీద అప్పడాలు ఒత్తారు. మొదటిరోజు 4 కట్టలే! అదే లిజ్జత్ అయింది. చందాలు మాత్రం అడగకూడదనుకున్నారట.

ఇక నా సంగతి. ఆవకాయ పెట్టి అమ్ముదామని చీటీ పాడాను. పదిమందిమి, నెలకు 500. రెండోనెల్లోనే 1,000 తగ్గించి పాడి, 4,000 తెచ్చుకున్నాను. ఆ వెయ్యిలో నా వంతుకు తిరిగొచ్చింది వందే. కాయ, నూనె, కారం కొన్నాను. సగం జాడీలు అరువు పోయాయి. ఎదురింటావిడను డబ్బెలా అడగను? చివరికి గాజులు కుదువపెట్టి చీటీ కట్టాను. మా వారికి చెప్పనేలేదు.

మరుసటేడు సగం పైకం ముందే పుచ్చుకుని, దాంతోనే కాయ కొన్నాను. అప్పూ లేదు, వడ్డీ లేదు. అంతకు మించి కావాలంటే బ్యాంకుకు వెళ్ళి అడగండి. 2015లో వచ్చిన ముద్ర పథకంలో, శిశు తరగతి కింద 50,000 దాకా తాకట్టు లేకుండా ఇస్తారు. వడ్డీ ఉంటుంది సుమండీ, ఊరికే వచ్చేది కాదు.

ఎదురింటావిడ ఈ ఏడూ పైకం ఇవ్వకుండానే జాడీ పంపమంది. నేను పంపలేదు.