నిరాశ్రయుడు చట్టం కంటికి ఎలా కనబడ్డాడు? (కన్నబిరాన్ స్మారకోపన్యాసం)



హక్కుల న్యాయవాది కె.జి. కన్నబిరాన్ గారి స్మారకోపన్యాసం అనగానే ఎన్‌కౌంటర్ల గురించో, కుట్ర కేసుల గురించో మాట్లాడతానని అనుకొని ఉంటారు. ఆయన పేరు చెబితే ముందు గుర్తొచ్చేవి అవే. కానీ ఆయన పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ జాతీయ అధ్యక్షులుగా ఉన్న కాలంలోనే, 2001లో, ఆ సంస్థ సుప్రీంకోర్టులో 196 నంబరు రిట్ పిటిషన్ వేసింది. గోదాముల్లో ధాన్యం మూలుగుతుంటే జనం పస్తులుంటున్నారని ఆ వ్యాజ్యం. తిండి గురించి మొదలైన ఆ కేసులోనే, 2010లో, రాత్రి తలదాచుకునే చోటు లేనివాళ్ళ గురించి దేశమంతటికీ ఆదేశాలు వచ్చాయి. ఆ ఏడాది డిసెంబరు 30న ఆయన కన్నుమూశారు. అందుకే ఈ సాయంత్రం ఈ విషయం ఎంచుకున్నాను.

హైదరాబాదులో మన పేటల్లో రాత్రి పదకొండు దాటాక నడిచినవాళ్ళకు నేను కొత్తగా చెప్పేదేం లేదు. కోరంటి దవాఖాన (ఫీవర్ ఆసుపత్రి) గోడ వారగా, నారాయణగూడ ఫ్లైఓవర్ కింద, మెట్రో స్తంభాల మధ్య దుప్పటి కప్పుకొని పడుకున్నవాళ్ళను చూసే ఉంటారు. వాళ్ళంతా అడుక్కునేవాళ్ళే అనుకోవడం మనకు అలవాటు. దగ్గరికెళ్ళి అడిగితే తెలుస్తుంది: పొద్దున్నే అడ్డా మీద నిలబడే కూలీలు, పెళ్ళిళ్ళలో వడ్డించే క్యాటరింగ్ కుర్రాళ్ళు, చిత్తుకాగితాలు ఏరేవాళ్ళు, ఊరి నుంచి రోగిని తీసుకొచ్చి లాడ్జికి డబ్బుల్లేని బంధువులు, కొడుకులు గెంటేసిన ముసలివాళ్ళు. పని ఉంది, గది లేదు. మన పెళ్ళి భోజనం వడ్డించిన చెయ్యే అది.

ఇల్లు లేనివాడి పట్ల ఈ నగరం ఎప్పుడూ ఒకే తీరుగా లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ ముంచెత్తినప్పుడు నిజాం మహబూబ్ అలీఖాన్ తన మహళ్ళ తలుపులు జనానికి తెరిపించాడు. ఆ వరద తర్వాతే సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు వచ్చింది, ఇరుకు బస్తీల చోట పేదలకు ఇళ్ళు కట్టింది. 1919లో నాంపల్లి స్టేషన్ ఎదురుగా బాటసారుల కోసం సరాయి లేచింది. వరదలో ఇల్లు పోయినవాడూ, రైలు దిగిన బాటసారీ జాలిపడదగినవాళ్ళు. ఎక్కడి నుంచి వచ్చాడో చెప్పలేనివాడు మాత్రం వేరు, వాడికి పోలీసులున్నారు.

ఆ చూపు చట్టంలోకి ఎలా ఎక్కిందో కొంచెం ఆగి చూద్దాం. 1871 నేరస్థ తెగల చట్టం తిరిగి బతికే జాతులను పుట్టుకతోనే దొంగలుగా రాసిపెట్టింది. మన బాపట్ల దగ్గరి స్టువర్టుపురం ఆ చట్టం నీడలో ఎరుకల కుటుంబాలను కట్టడి చేసి ఉంచిన ఊరే. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 109వ సెక్షనైతే ఇంకా సూటిగా వెళ్ళింది. బతుకుతెరువు కనబడని మనిషిని మేజిస్ట్రేటు ముందు నిలబెట్టి మంచి నడవడికకు పూచీకత్తు అడగవచ్చు. ఇల్లే లేనివాడికి జామీను ఎవడిస్తాడు? ఇవ్వలేకపోతే జైలు. ఆ నిబంధన 1973 కోడ్ వచ్చేదాకా ఉంది, అంటే స్వాతంత్ర్యం వచ్చి ఇరవై ఐదేళ్ళు దాటినా.

దాని పక్కనే యాచక నిషేధ చట్టాలు పెరిగాయి. హైదరాబాదు రాజ్యంలో 1941లో, మద్రాసు ప్రెసిడెన్సీలో 1945లో, బొంబాయిలో 1959లో. మన ఉమ్మడి రాష్ట్రం 1977లో రెండు ప్రాంతాలకూ కలిపి ఒకటి చేసుకుంది. బొంబాయి చట్టం ఇతర రాష్ట్రాలకు అచ్చు లాంటిది కనుక దాని నిర్వచనం వినండి: పాట పాడి, ఆట ఆడి, జోస్యం చెప్పి, వస్తువు అమ్మజూపి బహిరంగ స్థలంలో డబ్బు తీసుకున్నా యాచనే. బతుకుతెరువు కనబడకుండా వీధుల్లో తిరిగినా యాచనే. ఈ లెక్కన సంక్రాంతికి మన గుమ్మం ముందు నిలబడే హరిదాసూ, గంగిరెద్దులవాడూ, బుడబుక్కలాయనా అందరూ నిందితులే. మనం గిన్నెడు బియ్యం పోసి దణ్ణం పెడతాం, చట్టం వారెంటు లేకుండా పట్టుకెళ్ళమంటుంది. ఈ చట్టం రాసినవాళ్ళు పండక్కి ఊళ్ళో ఉన్నవాళ్ళు కారనిపిస్తుంది నాకు.

ఇక రాజ్యాంగం ఫుట్‌పాత్ మీదికి ఎప్పుడు దిగింది? 1981 జులైలో, జోరు వానల్లో, బొంబాయి ఫుట్‌పాత్ నివాసులను ఖాళీ చేయించి సొంత ఊళ్ళకు పంపేస్తామని అప్పటి ముఖ్యమంత్రి ఎ.ఆర్. అంతులే ప్రకటించారు. విలేకరి ఓల్గా టెల్లిస్ కోర్టుకెళ్ళారు. ఆ వ్యవహారంలో పిటిషనర్లలో ఒకరు కరువుకు తాళలేక 1961లో తమిళనాడు సేలం జిల్లా నుంచి వచ్చిన కూలీ. 1985 జులై 10న ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్ నాయకత్వంలో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పు చెప్పింది. జీవించే హక్కులో జీవనోపాధి హక్కు కలిసే ఉంది. మనిషిని ఖాళీ చేయించేముందు అతని మాట వినాలి. న్యాయశాస్త్ర విద్యార్థులందరూ ఈ రెండు ముక్కలూ వల్లె వేస్తారు. మూడో ముక్క అంతగా చెప్పుకోరు: ఫుట్‌పాత్‌ను ఆక్రమించుకునే హక్కు ఎవరికీ లేదనీ, వానాకాలం పోయాక, అక్టోబరు 31 తర్వాత ఖాళీ చేయించవచ్చనీ అదే తీర్పు అంది. సిద్ధాంతం గెలిచింది, కేసు వేసినవాళ్ళు ఓడిపోయారు. ఆ తర్వాత 1990లో శాంతిస్టార్ బిల్డర్స్ కేసులో, 1995లో చమేలీ సింగ్ కేసులో నివాసం కూడా 21వ అధికరణంలో భాగమేనని కోర్టు చెప్పింది. చక్కటి మాటలే. కానీ చలికి వణికేవాడు ఆ పేరాలు పట్టుకొని ఏ ఆఫీసు తలుపు తట్టాలో వాటిలో లేదు.

తలుపు చూపించింది 2010. 2009 డిసెంబరులో ఢిల్లీలో ఒక నైట్ షెల్టర్‌ను నడిచలికాలంలో కూల్చేశారు. మొదట చెప్పిన పీయూసీఎల్ ఆహార హక్కు కేసులో కోర్టు నియమించిన కమిషనర్లు ఎన్.సి. సక్సేనా, హర్ష్ మందర్ ఆ సంగతి కోర్టుకు రాశారు. ముందు ఢిల్లీకి, తర్వాత అన్ని రాష్ట్రాలకూ ఆదేశం వచ్చింది: పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు కనీసం ఒక షెల్టర్ ఉండాలి, అది రోజంతా, ఏడాది పొడవునా తెరిచి ఉండాలి. 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధి మిషన్ ఈ లెక్కనే పథకంగా మార్చి మనిషికి 50 చదరపు అడుగుల చోటన్నది. పని సాగడం లేదని 2016 నవంబరులో సుప్రీంకోర్టు, ఢిల్లీ హైకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాస్ గంభీర్ నాయకత్వంలో కమిటీని వెయ్యాల్సి వచ్చింది.

2011 జనాభా లెక్కల ప్రకారం మన నగరపాలక సంస్థ జీహెచ్ఎంసీ పరిధిలో 67 లక్షల మంది. వేళ్ళ మీద లెక్కేసినా 67 షెల్టర్లు రావాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో రోగుల సహాయకుల కోసం కట్టినవాటిని కలుపుకున్నా మనం ఆ సంఖ్య దరిదాపుల్లోకి రాలేదు. నా అభిప్రాయంలో లోపం ఆ కొలతలోనే ఉంది. జనాభాను బట్టి లెక్కగట్టిన షెల్టర్ ప్రభుత్వానికి లక్ష్యం అవుతుంది. లక్ష్యం తప్పితే నివేదికలో ఒక గడి ఖాళీగా ఉంటుంది, అంతే. ఫలానా మనిషికి ఈ రాత్రి చోటివ్వకపోతే ఫలానా అధికారి జవాబు చెప్పుకోవాలని ఎక్కడా లేదు. ఆహార భద్రత బిల్లు ముసాయిదాలో నిరాశ్రయులకు భోజనం పెట్టే నిబంధన ఉండేది, 2013లో చట్టమయ్యేసరికి ఎగిరిపోయింది.

ఇంత నడిచాక కూడా అతిథులు వస్తున్నారంటే మనం 1871 దగ్గరికి వెళ్ళిపోతాం. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ వచ్చినప్పుడు వీధులు 'శుభ్రం' చేశారు. 2017 నవంబరు 28 నుంచి 30 దాకా ప్రపంచ పారిశ్రామికవేత్తల సదస్సు, ఇవాంకా ట్రంప్ రాక. అందుకు ముందు నవంబరు 8 నుంచి రెండు నెలలు నగరంలో యాచన నిషేధిస్తూ పోలీసు ఉత్తర్వు వచ్చింది. పట్టుకున్నవాళ్ళను ఎక్కడికి తీసుకెళ్ళారు? మగవాళ్ళను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆశ్రమానికి. పునరావాసమే అనుకుందాం. జైళ్ళ శాఖ చేతుల్లో పునరావాసం ఏమిటని మాత్రం అడగాలి.

మరుసటి ఏడాది ఆగస్టు 8న ఢిల్లీ హైకోర్టు, ఢిల్లీలో అమలవుతున్న బొంబాయి చట్టంలో యాచనను నేరం చేసిన సెక్షన్లను కొట్టేసింది. 2021లో యాచకులను వీధుల నుంచి తొలగించమన్న పిటిషన్‌లో, అలాంటి ఉన్నతవర్గ దృష్టిని తాము తీసుకోలేమని సుప్రీంకోర్టు అంది. ఆ ధర్మాసనంలో ఉన్న డి.వై. చంద్రచూడ్, ఓల్గా టెల్లిస్ తీర్పు రాసిన చంద్రచూడ్ కుమారుడే. ఢిల్లీ తీర్పు మన రాష్ట్రాన్ని కట్టిపడేయదు. 1977 చట్టాన్ని తెలంగాణ శాసనసభ రద్దు చేయవచ్చు, చేసి తీరాలి.

చట్టం మారేదాకా చేతులు ముడుచుకోనక్కర్లేదు. ఇప్పుడే వాడుకోదగ్గవి రెండున్నాయి. మతి తప్పి వీధుల్లో తిరిగే మనిషిని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 100వ సెక్షన్ ప్రకారం పోలీసులు రక్షణలోకి తీసుకొని, 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలి, లాకప్పులో పెట్టకూడదు. నిరాశ్రయుడైతే వైద్యం ఉచితం. రెండోది ఓటు. ఇల్లు లేనివాడు ఫారం 6లో తాను పడుకునే చోటునే రాయవచ్చు, చిరునామాకు వేరే రుజువు అక్కర్లేదు. బూత్ స్థాయి అధికారి రాత్రిపూట, ఒకటి కంటే ఎక్కువసార్లు వెళ్ళి, ఆ మనిషి అక్కడ పడుకుంటున్నాడా లేదా చూసి నమోదు చేయాలి. ఓటున్న ఫుట్‌పాత్‌ను కార్పొరేటర్ చూసే చూపు వేరుగా ఉంటుంది, ఇది నేను ఆదర్శంగా చెప్పడం లేదు, రాజకీయంగా చెబుతున్నాను.

సభ ముగిశాక వెళ్ళిపోకండి. వార్డు ఆఫీసు బోర్డు మీద దగ్గరి షెల్టర్ చిరునామా, ఫోను నంబరు, ఎన్ని మంచాలున్నాయో రాయించమని కమిషనర్‌కు ఒక అర్జీ సిద్ధం చేశాం. గుమ్మం పక్కన బల్ల మీద ఉంది. సంతకం చేసి, వచ్చే ఆదివారం రాత్రి ఫారం 6 కాగితాలు పట్టుకొని కోరంటి దవాఖాన గోడ దాకా మాతో రాగలిగినవాళ్ళు పేరు కూడా రాయండి.