అగం బ్యాండ్: మూడు ఆల్బమ్‌లలో ముందు ఏది వినాలి?

మణికొండలో అదే రూము, అదే మైకు. పక్క ప్లాట్‌లో కొత్త అపార్ట్‌మెంట్ కడుతున్నారు. మధ్యలో డ్రిల్లింగ్ సౌండ్ వస్తే అది కూడా మెటలే అనుకుని సర్దుకోండి.

ఈరోజు టాపిక్ చిన్నదే. నాతో ఆఫీసులో పనిచేసిన ఒక తమ్ముడు మొన్న మర్రిచెట్టు జంక్షన్ దగ్గర టీ తాగుతూ అడిగాడు. "అన్నా, అగం బ్యాండ్ వినాలనుంది. మూడు ఆల్బమ్‌లు కనిపిస్తున్నాయి. ఏది ముందు పెట్టుకోవాలి?" అని. "ఏదైనా పెట్టుకోరా, అన్నీ బాగుంటాయి" అనబోయి ఆగిపోయా. ఎందుకంటే సరిగ్గా ఆ మాట వల్లే నాకు ఒకప్పుడు రెండేళ్ళు పోయాయి.

ఆ కథ ముందు చెప్తా. 2016లో నేను బీటెక్ సెకండియర్. హాస్టల్లో ఒక సీనియర్ అన్న ఉండేవాడు, గిటార్ వాయించేవాడు. "ప్రోగ్రెసివ్ మెటల్ అంటే డ్రీమ్ థియేటర్ రా, ఏదైనా విను" అని హార్డ్ డిస్క్ చేతిలో పెట్టాడు. నేనేం చేశా? ఫోన్లో ఏ అప్‌డేట్ అయినా కొత్తదే బెటర్ కదా అని, అప్పుడే వచ్చిన కొత్త ఆల్బమ్ ఓపెన్ చేశా. దాని పేరు 'ది అస్టోనిషింగ్'. మొత్తం 34 ట్రాకులు, రెండు గంటల పైనే. అదొక పెద్ద కథ, అందులో పాత్రలు, రాజ్యం, తిరుగుబాటు. ఎవరు ఎవరో తెలీదు, ఎక్కడ ఏం జరుగుతోందో తెలీదు. సీరియల్ మూడొందలో ఎపిసోడ్ నుంచి చూసినట్టుంది. నాలుగు పాటలకి ఆపేశా. "ప్రోగ్ మనకి ఎక్కదు" అని ఫిక్స్ అయిపోయా.

రెండేళ్ళ తర్వాత, ఉద్యోగంలో చేరిన కొత్తలో, రూమ్మేట్ ఒకడు అదే బ్యాండ్ 1992 ఆల్బమ్ 'ఇమేజెస్ అండ్ వర్డ్స్' పెట్టాడు. ఎనిమిదే పాటలు, గంట లోపే. మొదటి పాట 'పుల్ మీ అండర్' ఎనిమిది నిమిషాలు నడిచి, చివర్లో కత్తితో కోసినట్టు టక్కున ఆగిపోతుంది. నేను వైఫై పోయిందనుకుని రౌటర్ దగ్గరికి వెళ్ళా. వాడు నవ్వాడు. "పాటే అంత" అన్నాడు. ఆ రాత్రి ఆల్బమ్ మొత్తం రెండుసార్లు విన్నా. బ్యాండ్ అదే. చెవులూ అవే. మారింది వరస ఒక్కటే. కాబట్టి "ఏది ముందు?" అనేది సిల్లీ ప్రశ్న కాదు. తప్పు తలుపు తట్టినోడు ఆ ఇంట్లో ఎవరూ లేరనుకుని వెళ్ళిపోతాడు. మళ్ళీ రాడు.

సరే, అగం దగ్గరికి వద్దాం. తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. ఇది బెంగళూరు బ్యాండ్, 2003లో మొదలైంది. పాట, వయొలిన్ హరీశ్ శివరామకృష్ణన్. కీబోర్డ్ స్వామి సీతారామన్, లీడ్ గిటార్ ప్రవీణ్ కుమార్, బేస్ ఆదిత్య కశ్యప్. హరీశ్ మనలాగే టెక్ కంపెనీల్లో పనిచేస్తూనే పాడినవాడు. 2007లో సన్ టీవీలో 'ఊ లలలా' అనే బ్యాండ్ల పోటీ జరిగింది, రెహమాన్ పేరుతో ముడిపడ్డ షో. అందులో గెలిచారు. వాళ్ళు తమ సంగీతాన్ని కర్ణాటక ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. ప్యూర్ మెటల్ కాదు. కానీ గిటార్ బరువెక్కినప్పుడు మెటల్ వినేవాళ్ళకి ఇంటికొచ్చినట్టే ఉంటుంది.

"ప్రోగ్రెసివ్" అంటే ఏంటి? సినిమా పాటలో పల్లవి, చరణం, మళ్ళీ పల్లవి, నాలుగు నిమిషాలు, అయిపోయింది. ప్రోగ్‌లో పాట ప్రయాణం చేస్తుంది. మొదలైనచోటికి తిరిగి రావాలని రూలేం లేదు. మధ్యలో లెక్క మారుతుంది. 1973లో పింక్ ఫ్లాయిడ్ చేసిన 'మనీ' పాట ఎక్కువ భాగం ఏడు లెక్క. 2001లో టూల్ చేసిన 'స్కిజమ్'లో మెయిన్ రిఫ్ ఐదు, ఏడు కలిసి నడుస్తుంది. ఇదంతా విని "అబ్బో, తెల్లోళ్ళు కనిపెట్టారు" అనుకునేవాణ్ణి. నోటితో అనండి ఒకసారి: తకిట తకధిమి. ఏడు. మిశ్రచాపు. తక తకిట. ఐదు. ఖండచాపు. మన మృదంగం నేర్చుకునే పిల్లలు టిఫిన్‌కి ముందు చేసే ప్రాక్టీసు ఇది. కచేరీలో మెయిన్ ఐటమ్ కూడా అంతే కదా. ఆలాపన, కృతి, నెరవు, స్వరాలు, తని ఆవర్తనం, ఆఖర్న ముక్తాయింపు. గంట కూడా సాగుతుంది. కాబట్టి కర్ణాటక సంగీతానికీ ప్రోగ్‌కీ బలవంతంగా పెళ్ళి చేయక్కర్లేదు, జాతకాలు ముందే కలిశాయి.

ఇప్పుడు మూడు ఆల్బమ్‌లు. 2012లో 'ది ఇన్నర్ సెల్ఫ్ అవేకెన్స్'. 2017లో 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'. 2025లో 'అరైవల్ ఆఫ్ ది ఇథీరియల్'.

నా ఆన్సర్ ముందే చెప్పేస్తా, వీడియో చివరిదాకా కూర్చోబెట్టను. మొదటిదే. 2012ది.

ఎందుకో చెప్తా. మూడోది చాలా పెద్దది. ఆర్కెస్ట్రా, కోరస్, ఒకదాని మీద ఒకటి పొరలు పొరలుగా ఉంటుంది. అది బాగోలేదని కాదు. అంతా తెలిసినవాడికి అది పండగ. కొత్తవాడికి మాత్రం నా 'అస్టోనిషింగ్' అనుభవం రిపీట్ అవుతుంది. గొంతు ఎక్కడుంది, వయొలిన్ ఎక్కడుంది, గిటార్ ఏం చేస్తోంది అని చెవి పట్టుకునే లోపే పాట ముందుకెళ్ళిపోతుంది. మొదటి ఆల్బమ్‌లో బ్యాండ్ తనని తాను పరిచయం చేసుకుంటుంది. ఎవరేం వాయిస్తున్నారో విడిగా వినిపిస్తుంది.

అందులో కూడా ఒక వరస చెప్తా. ముందు 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి'. పేరు ఇంగ్లిష్‌లో ఉంది కానీ లోపల ఉన్నది త్యాగరాజు 'బంటురీతి'. రాగం హంసనాదం. సరస్వతి వాహనం హంస, అందుకే ఆ పేరు. ఈ కృతి సంగతి మన ఐటీ కారిడార్ జనానికి కచ్చితంగా చెప్పాలి. ఇది త్యాగరాజు రాముడికి పెట్టుకున్న జాబ్ అప్లికేషన్. నీ దగ్గర బంటుగా పెట్టుకో స్వామీ అని అడుగుతున్నాడు. ఒంటి మీద పులకింతే యూనిఫామ్, రామభక్తుడనే బిళ్ళే ఐడీ కార్డు, నీ పేరే నా ఆయుధం అంటాడు. రోజూ మెడలో ట్యాగ్ వేసుకుని రాయదుర్గం మెట్రో దిగేవాళ్ళం మనం. ఆ ట్యాగ్ గురించి రెండొందల ఏళ్ళ కింద ఇంత ప్రేమగా ఒకాయన పాడాడంటే నాకు నవ్వూ వచ్చింది, కొంచెం అసూయా వచ్చింది.

రెండోది 'ది బోట్ సాంగ్'. కేరళ పడవ పాటల ఊపు ఉంటుంది. కాళ్ళు వాటంతట అవే ఆడతాయి. మూడోది 'మల్హార్ జామ్', వర్షం పడుతున్నప్పుడు వినండి. నాలుగోది 'ధనశ్రీ తిల్లాన', అసలు స్వాతి తిరునాళ్ రచన. 'రుద్ర' చివరికి ఉంచండి. ఆ పాట బరువు మోయడానికి చెవి రెడీ అవ్వాలి.

రెండో వారం 'ఎ డ్రీమ్ టు రిమెంబర్'కి రండి. అందులో 'మిస్ట్ ఆఫ్ కాప్రికార్న్' పట్టుకోండి. అది త్యాగరాజు 'మనవ్యాలకించరాదటే', రాగం నళినకాంతి. ఇక్కడ మనవి చేసుకుంటున్నది దేవుడికి కాదు, తన మనసుకి. ఇంతగా చెప్తున్నా, వినవా అని. అర్ధరాత్రి రెండింటికి రీల్స్ స్క్రోల్ చేస్తూ "ఇంక పడుకో" అని మనకి మనం చెప్పుకుంటాం చూడండి, ఆ బాధ తెలిసినోడెవడైనా ఆ పాటకి కనెక్ట్ అవుతాడు. మూడో వారం, మంచి హెడ్‌ఫోన్స్ సంపాదించుకుని, 2025 ఆల్బమ్. అప్పుడు అది పెద్దగా అనిపించదు, నిండుగా అనిపిస్తుంది.

ఇది మీకు. మీ ఇంట్లో పెద్దవాళ్ళకి వినిపించాలంటే మాత్రం ఈ వరస పనిచేయదు. ఇది నేను తప్పు చేసి నేర్చుకున్నా.

మా అమ్మ చిన్నప్పుడు ఖమ్మంలో నాలుగేళ్ళు సంగీతం నేర్చుకుంది. గీతాలు, వర్ణాలు, కొన్ని కృతుల దాకా వచ్చి ఇంటర్‌తో ఆగిపోయింది. తర్వాత పెళ్ళి, మేము, ఇల్లు. నాకు ఊహ తెలిశాక అమ్మ గొంతెత్తి పాడగా నేను వినలేదు. అలాంటి మనిషికి నేను ఎగ్జైట్ అయిపోయి వాట్సాప్‌లో ముందుగా 'రుద్ర' పంపా. పది నిమిషాలకి ఫోన్. "ఏంట్రా ఇది, మిక్సీలో రాళ్ళేశారా?" అంది. అంతే, ఆ టాపిక్ క్లోజ్.

ఈ ఏడాది ఊరెళ్ళినప్పుడు ఇంకోసారి ట్రై చేశా. ఈసారి బ్యాండ్ పేరు చెప్పలేదు. కొత్త ఆల్బమ్‌లో 'ది సైలెన్స్ దట్ రిమెయిన్స్' అని ఉంది, అది 'మోక్షము గలదా', సారమతి రాగం. అమ్మ చిక్కుడుకాయలు తుంచుతోంది. ఫోన్ స్టీలు గ్లాసులో పెట్టి, పాట ఆన్ చేసి ఊరుకున్నా. కొంచెం సేపటికి చేతులు ఆగాయి. చివరిదాకా ఏం మాట్లాడలేదు. అయ్యాక, "రాగం గాడి తప్పలేదు. ఆ డప్పులు కాస్త తగ్గిస్తే బాగుణ్ణు" అంది.

నేను ఊరుకోకుండా "అర్థం ఏంటమ్మా?" అని అడిగా. నిజమైన భక్తి, సంగీత జ్ఞానం, ఇవి లేనివాడికి మోక్షం ఉంటుందా అని అడుగుతున్నాడు రా అని చెప్పింది. చెప్పి, నా మొహంలోకి చూసి, "నీకు తెలుగొచ్చు కదరా?" అంది. తిట్టలేదు. మామూలుగానే అడిగింది. కానీ గట్టిగా తగిలింది. డ్రీమ్ థియేటర్ లిరిక్స్ నెట్‌లో వెతికి, ఒక్కో లైనూ చదివి అర్థం చేసుకున్నోణ్ణి నేను. తమిళనాట తిరువయ్యూరులో కూర్చుని ఒకాయన నా భాషలో రాశాడు, కేరళ మూలాలున్న గాయకుడు బెంగళూరు బ్యాండ్‌తో కలిసి దాన్ని పాడాడు, మణికొండలో తెలుగు మాట్లాడే నేను మాత్రం దాని అర్థానికి సబ్‌టైటిల్స్ అడుగుతున్నా.

తర్వాత అమ్మ తనంతట తనే మొదలుపెట్టింది. గొంతు వణికింది. సగంలో సాహిత్యం మర్చిపోయి ఆగింది. "ఆ ముక్క మళ్ళీ పెట్టు" అంది. పెట్టా. మళ్ళీ అందుకుంది. డ్రమ్స్ మీదుగానే. డప్పులు తగ్గించమన్న మాట అప్పుడు గుర్తురాలేదు తనకి.

కృతులకి గిటార్ పెడితే అపచారం అనేవాళ్ళున్నారు. కృతులకి ఊపిరే వీళ్ళు పోశారు అనేవాళ్ళూ ఉన్నారు. నాకు రెండూ ఎక్కువే అనిపిస్తాయి. త్యాగరాజు 1847లో వెళ్ళిపోయాడు, ఎవరి దయా లేకుండానే ఆ పాటలు ఇక్కడిదాకా వచ్చాయి. రాగం నిలబడిందా, మాట వినిపించిందా, అంతవరకు చూసుకుంటే చాలు. ఈ బ్యాండ్ అన్ని పాటల్లోనూ అది సాధించిందని నేననను. గిటార్ జోరులో సాహిత్యం మునిగిపోయే చోట్లు ఉన్నాయి. మునిగినచోట ఆపి, మామూలు కచేరీ రికార్డింగ్ ఒకటి వెతికి అదే కృతి వినండి. మళ్ళీ వెనక్కి రండి. మునిగిన మాట ఈసారి దొరుకుతుంది.

కాబట్టి ఫైనల్‌గా. మీరు రాక్, మెటల్ వినేవాళ్ళయితే 2012 ఆల్బమ్, 'స్వాన్స్ ఆఫ్ సరస్వతి'తో మొదలు. ఇంట్లో సంగీతం తెలిసినవాళ్ళకైతే ఆల్బమ్ వద్దు, వాళ్ళకి ముందే తెలిసిన ఒక్క కృతితో మొదలు. షఫుల్ ఆఫ్ చేయండి. రోజుకొక పాట చాలు, కానీ మొత్తం వినండి, మధ్యలో ఫార్వర్డ్ కొట్టొద్దు. మొదటిసారి నచ్చకపోతే బ్యాండ్‌ని తిట్టుకునే ముందు తలుపు మార్చి చూడండి.

ఆ తమ్ముడికి ఇదే చెప్పా. వాడు మొన్న రాత్రి పదకొండింటికి ఒక్క మెసేజ్ పెట్టాడు: "అన్నా, బంటు అంటే ఏంటి?" అని. వాడు సరైన తలుపే తట్టాడు.

వచ్చేవారం కలుద్దాం. అప్పటిదాకా వినండి, ఇంట్లోవాళ్ళకి వినిపించండి. ఉంటా మరి.