కంటిలోని కాపలా ప్రొటీన్: ఒక అన్వేషణ చరిత్ర



శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారి స్మృతిలో మాట్లాడటానికి షుగర్ వల్ల వచ్చే కంటి జబ్బును ఎంచుకున్నాను. భీమవరంలో పుట్టిన ఆ మహనీయుడు 1948లో అమెరికాలో కన్నుమూశారు. ఆయన సారథ్యంలో లెడర్లే ఔషధ సంస్థ పరిశోధకులు తయారుచేసిన అమినాప్టెరిన్ మందుతో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ వచ్చిన పసివాళ్లకు కొంతకాలమైనా ఊరట కలిగించారు.

అదే 1948లో కంటి వైద్యుడు ఐజాక్ మైకేల్సన్ ఒక ఊహ ప్రకటించారు. ప్రాణవాయువు చాలని రెటీనా (కంటి వెనుక వెలుగును పట్టే పొర) ఏదో పదార్థాన్ని విడుదల చేసి కొత్త రక్తనాళాలను పుట్టిస్తుందని. ఫార్బర్ పనిచేసిన ఆసుపత్రిలోనే సర్జన్ జూడా ఫోక్‌మన్ 1971లో ఇంకో అడుగు వేశారు. రక్తనాళాలు పెరగకుండా ఆపితే కణితిని ఎదగనివ్వకుండా చేయవచ్చన్నారు. నాళాలను పెంచే వీఈజీఎఫ్ ప్రొటీన్‌ను 1989లో నెపోలియోన్ ఫెరారా వేరుచేశారు. షుగర్ వల్ల కొత్త నాళాలు మొలుస్తున్న కళ్లలో అది ఎక్కువగా ఉందని 1994లో లాయిడ్ పాల్ అయెల్లో బృందం చూపింది.

మరి ఆరోగ్యంగా ఉన్న కంటిలో ఈ పెరుగుదలను ఆపుతున్నదెవరు? జవాబు షికాగో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో దొరికింది. కంటి ముందు పొర అయిన కార్నియాలో రక్తనాళాలుండవు, అందుకే అది అద్దంలా ఉంటుంది. నోయెల్ బౌక్ బృందం కార్నియా నుంచి తీసిన సారం రక్తనాళ కణాల కదలికను అడ్డుకుంది. అందులోని పీఈడీఎఫ్ అనే ప్రొటీన్‌ను యాంటీబాడీతో కట్టేయగానే ఆ అడ్డు తొలగిపోయింది. ప్రాణవాయువు తగ్గినప్పుడు రెటీనా కణాలు పీఈడీఎఫ్‌ను తక్కువగా తయారుచేస్తాయనీ వారు 1999లో ప్రకటించారు. అంతకు ముందే జాయిస్ టోంబ్రాన్-టింక్, లింకన్ జాన్సన్ రెటీనా వెనుక పొర కణాల్లో గుర్తించిన ప్రొటీనే ఇది; ఇది నాడీకణాలకూ రక్షణ ఇస్తుంది.

షుగర్ ఏళ్ల తరబడి అదుపు తప్పితే రెటీనాలోని సన్న నాళాలు మూసుకుపోతాయి. ప్రాణవాయువు అందక వీఈజీఎఫ్ పెరుగుతుంది, కాపలా ప్రొటీన్ పీఈడీఎఫ్ తగ్గుతుంది. అప్పుడు మొలిచే నాళాలు బలహీనమైనవి. అవి చిట్లితే కళ్ల ముందు నల్లటి దారాలు తేలుతాయి, చూపు మసకబారుతుంది.

నేడు కంట్లో వేసే ఇంజెక్షన్లు వీఈజీఎఫ్‌ను అణచివేస్తాయి. లేజర్ కూడా ఎందరి చూపునో కాపాడింది. పీఈడీఎఫ్‌ను మాత్రం ఇంకా మామూలు వైద్యంలోకి తేలేకపోయాం. ఆ బాకీ తీర్చే పరిశోధకులు ఈ సభలో కూర్చున్న పిల్లల్లోంచే రావాలని నా ఆశ.

పెద్దలకు నా విన్నపం ఒకటే. రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో నొప్పి ఉండదు, చూపూ తగ్గదు. చూపు బాగానే ఉందని ఊరుకోకండి. టైప్ 2 షుగర్ అని తేలిన నాడే కంటిపాప పెద్దది చేసే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోండి; ఆ తర్వాత డాక్టరు చెప్పిన గడువు దాటనివ్వకండి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నలకు ఈ వారం ఫోన్ చేసినప్పుడు షుగర్ ఎంతుందని అడిగి వదిలేయకండి, కళ్లు ఎప్పుడు చూపించుకున్నారో కూడా అడగండి.